పచ్చబడిన నీళ్ళు

మా మామయ్య ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఈతకొలనును కనిపెట్టుకుని ఉన్నారు. ఆయనకు ఈత రాదు. ఆ నీళ్ళలో మోకాలి లోతు దాటి ఆయన దిగగా ఎవరూ చూడలేదు. అయినా అందరూ ఆయన్ని నీళ్ళ మాస్టారు అనే పిలిచేవారు. పొద్దున్నే గేటు తీసి, గట్టు మీద గొంతుక్కూర్చుని, దోసిట్లో కాసిని నీళ్ళు తీసుకుని వాసన చూసేవారు. "ఇవాళ బాగున్నాయి" అనో, "కాస్త చిరాగ్గా ఉన్నాయి" అనో పైకే చెప్పేవారు, ఇంట్లో చంటిపిల్ల గురించి చెప్పినట్టు. ఆ తరవాతే పరీక్ష పెట్టె తెరిచేవారు.

ఆ నీళ్ళు పచ్చబడిన వేసవికి నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టి నాలుగేళ్ళయింది. రంగుల దుకాణంలో పని చేసేదాన్ని. ఎవరైనా పాత తలుపు చెక్కముక్క తెచ్చి అచ్చం ఇదే రంగు కావాలంటే, ఏ డబ్బాలోంచి ఎన్ని చుక్కలు వెయ్యాలో చూసి కలపడం నా పని. తెలుపులోనే నలభై రకాలుంటాయని అక్కడ చేరాకే తెలిసింది. మా ఆయన దూరపు బస్సు నడుపుతారు. నాలుగు రోజులు రోడ్డు మీద, రెండు రోజులు ఇంట్లో. అందుకని ఇంట్లో ఎప్పుడూ ఉండేది అత్తయ్య, మామయ్య, నేను. మధ్యాహ్నం దుకాణానికి విరామం ఇచ్చినప్పుడు ఇంటికెళ్ళి తిని, తిరిగి వస్తూ మామయ్యకు క్యారేజీ అందించేదాన్ని. ఆయన "అక్కడ పెట్టమ్మా" అనేవారు. నేను పెట్టేదాన్ని.

ఎండలు ముదిరిన రెండో వారం అనుకుంటాను, కోచ్ మేడం ఆయన్ని నీళ్ళు పచ్చగా కనిపిస్తున్నాయేమిటని అడగడం విన్నాను. ఆవిడ ఒకప్పుడు పోటీల్లో ఈదిన మనిషి. పొద్దున పిల్లలకూ మధ్యాహ్నం ఆడవాళ్ళకూ నేర్పేది. మామయ్య నీళ్ళకేసి చూసి, ఏ పచ్చ అని అడిగారు. పసుపుపచ్చా, ఆకుపచ్చా అని. మేడం నవ్వి, మాస్టారు వేళాకోళం చేస్తున్నారనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ రోజే ఆయన పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. రెండు చిన్న గాజు గొట్టాలుంటాయి. ఒకదాంట్లో కొలను నీళ్ళు నింపి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉంటే నీళ్ళలో క్లోరిన్ అంత ఉన్నట్టు. రెండోది పీహెచ్ చూసేది. పసుపు వస్తే నీళ్ళు పులిశాయని, నారింజ వస్తే సరిగ్గా ఉన్నాయని, ఎరుపెక్కితే అవతలి వైపు పోయాయని అర్థం. పక్కనే రంగుల గళ్ళున్న అట్ట ఉంటుంది. గొట్టాన్ని దాని పక్కన పెట్టి పోల్చుకోవాలి.

మామయ్య రెండో గొట్టాన్ని ఆకాశానికి ఎత్తిపట్టి, "నారింజ. ఏడున్నర" అని పుస్తకంలో రాసుకున్నారు.

అది నారింజ కాదు. దానిమ్మ గింజ రంగు.

వెలుతురు తేడా అయి ఉంటుందనుకుని అటు జరిగి చూశాను, ఇటు జరిగి చూశాను. రంగు విషయంలో నా కన్ను పొరబడదు, నన్ను పనిలో పెట్టుకున్నదే అందుకు. చెబుదామని నోరు తెరిచాను. ఇరవై ఆరేళ్ళుగా ఆ గొట్టాలు పట్టుకున్న మనిషికి నాలుగేళ్ళ కోడలు ఏమని చెబుతుంది? నోరు మూసుకుని క్యారేజీ అక్కడ పెట్టి వచ్చేశాను. మర్నాడు క్లోరిన్ గొట్టంలో మంచినీళ్ళలా తెల్లగా ఉన్నదాన్ని చూసి, పసుపు బాగానే వచ్చిందన్నారు. ఆ రోజూ వచ్చేశాను. అలా వారం గడిచింది.

ఆ వారంలో నీళ్ళు మా కళ్ళముందే పాడైపోయాయి. ముందు మూలలు ఆకుపచ్చగా మారాయి, తరవాత మెట్లు జారడం మొదలైంది. ఆ తరవాత కొలనంతా సున్నం కలిపినట్టు మసకబారి, లోతు వైపు అడుగు కనిపించడం మానేసింది. మామయ్య రోజూ అలవాటు ప్రకారం మందులు వేస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, సగం తిని లేచిపోయేవారు. ఎందుకు తినలేదని అత్తయ్య ఒక్కసారి కూడా అడగలేదు. అది నాకు వింతగా ఉండేది.

అప్పుడే ఆడవాళ్ళ క్లాసులో ఆ సంగతి జరిగింది.

పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ మోకాళ్ళ నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెబితే కొత్తగా చేరింది. యాభై దాటిన మనిషి. నేను క్యారేజీతో గేటు దాటేసరికి ఆవిడ లోతుకు అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని కాళ్ళాడిస్తోంది. కోచ్ మేడం అటు తిరిగి ఇంకొకామెకు చెయ్యి ఎలా వెయ్యాలో చూపించి ఇటు తిరిగింది. తాడు ఊగుతోంది. ఆవిడ లేదు.

"పోస్టాఫీసు అక్కేరీ?" అంది మేడం, ఎవరినో మామూలుగా అడిగినట్టు.

అడుగు జారుడుగా ఉన్నచోట కాలు తప్పి ఆవిడ లోతులోకి పోయింది. ఆ మసక నీళ్ళలో ఎక్కడుందో కనిపించదు. ఎన్ని క్షణాలో నాకు తెలియదు. మూడో నాలుగో అయి ఉంటాయి. మామయ్య గట్టు మీద నుంచి ఆకులు తీసే పొడుగాటి వల కర్రను తాడు ఊగుతున్న వైపు నిలువునా దించారు. దించి అలాగే పట్టుకున్నారు. కర్ర ఒక్కసారిగా బరువెక్కడం ఆయన భుజాల్లో తెలిసింది. మేడం అప్పటికే దూకింది. ఇద్దరూ కలిసి ఆవిడను గట్టెక్కించారు. ఆవిడ దగ్గి, దగ్గి, ఊపిరి తీసుకుని, టోపీ ఎక్కడ పడిపోయిందని అడిగింది. అప్పుడు మాకు ప్రాణాలు లేచొచ్చాయి.

మామయ్య విజిల్ ఊది అందరినీ బయటికి రమ్మన్నారు. అందరూ వెళ్ళాక గేటుకు తాళం వేసి, 'నీళ్ళు బాగోలేవు' అని అట్ట మీద తనే రాసి కట్టారు. మేనేజరు పరుగెత్తుకొచ్చి, నడివేసవిలో మూసేస్తే జనానికి ఏం చెప్పాలని అడిగాడు.

"అడుగు కనిపించని నీళ్ళలో మనిషిని దించకూడదు సార్. అది నాకు ముందే తెలుసు. ఈ వారం దించాను" అన్నారు మామయ్య.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఆరు రోజులు చూస్తానన్నాడు. అప్పటికీ కుదరకపోతే బయటినుంచి మనుషులను పిలిచి వాళ్ళకే పని అప్పజెబుతానని, మాస్టారు ఇక విశ్రాంతి తీసుకోవచ్చని మెల్లగా, మర్యాదగా చెప్పాడు. గట్టిగా కసిరి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం దుకాణం నుంచి వస్తూ రంగుల నమూనా పట్టీలు కొన్ని తెచ్చాను. మామయ్య పెరటి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇంకా వెలుతురు పోలేదు. వెనకగదికి రంగు వేయిద్దామనుకుంటున్నామని, ఏది బాగుంటుందో చూడమని పట్టీలు ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన చాలాసేపు చూశారు. రెండు పట్టీలు వేరు చేసి పక్కపక్కన పట్టుకున్నారు. ఒకటి తెలుపు, ఇంకొకటి లేత నిమ్మపండు రంగు.

"ఈ రెండూ ఒకటేగా?" అన్నారు.

ఆయన పట్టీలు తిరగేశారు. వెనక అచ్చువేసి ఉన్న రెండు వేరువేరు పేర్లను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదువుకున్నారు. మళ్ళీ ముందుకు తిప్పారు. తరవాత జాగ్రత్తగా అన్నీ ఒకదానిమీద ఒకటి సర్దారు.

"గదికి కాదు కదమ్మా, ఇది."

"కాదు మామయ్యా."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"వారమైంది."

"నాకు మూడు నెలలు" అన్నారాయన.

అప్పుడు చెప్పారు. చలికాలం చివర నుంచే లోకం మీద ఎవరో పాత నూనె పూసినట్టు ఉందట. అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఏది ఏ పచ్చో తెలియడం లేదన్నారు. వాళ్ళ అన్నయ్యకు సరిగ్గా ఈ వయసులోనే చూపు మసకబారడం మొదలై, రెండేళ్ళలో పూర్తిగా పోయింది. డాక్టరు దగ్గరికి వెళితే అదే మాట చెబుతాడు, చెప్పాక ఇక పని ఉండదు. ఈ ఒక్క వేసవి గట్టెక్కిస్తే చాలనుకున్నారు. గొట్టాల్లో రంగు ఏదో తెలియనప్పుడు, మామూలుగా ఎంత ఉంటుందో అదే రాసేశారు.

నాకు ఏడుపు ఆగలేదు. వారం రోజులు నేను నోరు మూసుకోకపోతే ఆవిడ మునిగేది కాదని, ఆవిడకేమైనా అయి ఉంటే అని, ఏదేదో అన్నాను. ఆయన తలెత్తలేదు. "అది నా నెత్తిన ఉండాల్సింది. నువ్వెందుకమ్మా మోస్తావు" అన్నారు.

గుమ్మంలో అలికిడైతే తిరిగి చూశాం. అత్తయ్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"రెండు నెలల నుంచి ఆ బనీన్లు ఉతికినవో ఉతకనివో తెలియక ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నారు. కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా?" అంది. "మీ అంతట మీరే చెబుతారని చూశాను. చెబితే వినడానికి భయమేసి, నేనూ అడగలేదు."

ముగ్గురం ముగ్గురికీ తెలిసినదాన్నే ఒకళ్ళకు తెలియకుండా ఒకళ్ళం దాచుకుంటూ వచ్చామన్నమాట. అత్తయ్య ముందు డాక్టరు దగ్గరికే అంది. మామయ్య ముందు నీళ్ళు అన్నారు. ఆరు రోజుల్లో కళ్ళు ఎక్కడికీ పోవు, నీళ్ళను మాత్రం పాడుచేసినవాడే బాగుచెయ్యాలన్నారు. చివరికి ఆరు రోజులకు ఒప్పందం కుదిరింది. ఏడో రోజు డాక్టరు. ఈలోగా ఆయన కళ్ళు నేను.

మర్నాడు పొద్దున మేనేజరు గదిలోకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, దాచకుండా మొత్తం చెప్పేశారు. మేనేజరు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఇంతవరకు చూపు సంగతి ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఇకనుంచి పుస్తకంలో రెండు సంతకాలుండాలని, అవి ఇద్దరూ విడివిడిగా చూసి చెయ్యాలని మాత్రం అన్నాడు. నేను దుకాణంలో వారం సెలవు పెట్టాను.

మొదటి పరీక్ష నేనే చేశాను. పీహెచ్ గొట్టంలో రంగు అట్ట మీది ఆఖరి గడి కన్నా ఎర్రగా వచ్చింది. క్లోరిన్ గొట్టంలో ఏమీ లేదు. భయపడుతూ చెప్పాను. మామయ్య ఎన్నాళ్ళకో హాయిగా నవ్వారు.

"అదీ సంగతి. నేను మందు వేస్తూనే ఉన్నాను, అది పడుకుంటూనే ఉంది. పీహెచ్ అంత పైకెక్కితే క్లోరిన్ నిద్రపోతుందమ్మా. ముందు దాన్ని దించాలి."

ఆయనకు ఏం చెయ్యాలో తెలియక నీళ్ళు పాడవలేదు. సరైన అంకె చేతికందక పాడయ్యాయి. అంకె దొరికిన దగ్గర్నుంచి మళ్ళీ నీళ్ళ మాస్టారయ్యారు. బకెట్లో ముందు నీళ్ళు పోసి, ఆ నీళ్ళలో యాసిడ్ కలపాలని, పొరపాటున కూడా యాసిడ్ మీద నీళ్ళు పోయకూడదని నాతో మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, లోతు వైపు గట్టు వెంట నడుస్తూ కొంచెం కొంచెంగా పోశాం. పోసి ఆగడం, పరీక్ష, మళ్ళీ పోయడం. సాయంత్రానికి గొట్టంలో నారింజ తేలింది. అసలు నారింజ.

మరుసటి రోజు మా ఆయన వచ్చారు. విషయం ఫోన్లో విని, మధ్యలో వేరే డ్రైవరుకు బస్సు అప్పగించి వచ్చేశారు. ప్యాంటు మడిచి, పొడుగాటి బ్రష్షు తీసుకుని గోడలు రుద్దడం మొదలుపెట్టారు. బస్సు కడగడం కన్నా ఇదే సుఖం, ఇది కదలదు అన్నారు. అత్తయ్య మెట్లు రుద్దింది. నాచు గోడలను వదిలి నీళ్ళలోకి చేరేసరికి కొలను ముందుకన్నా అసహ్యంగా తయారైంది. ఎండ ఉండగా వేస్తే ఎండే తినేస్తుందని, పొద్దు వాలాక మామయ్య క్లోరిన్ మోతాదు పెంచి వేయించారు.

మూడో రోజు పొద్దున పచ్చదనం లేదు. కానీ కొలను నిండా బియ్యం కడుగునీళ్ళు పోసినట్టుంది. మేనేజరు చూసి తల పట్టుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ఏ రంగులో ఉన్నాయని మామయ్య అడిగితే, తెల్లగా అన్నాను.

"అయితే చచ్చింది. బతికున్నంతసేపే దానికి రంగు" అన్నారు తృప్తిగా.

ఇక దాన్ని బయటికి పంపడమే మిగిలింది. ఫిల్టర్‌లో ఉన్న ఇసుక మురికిని పట్టుకుంటుంది. అది నిండిందో లేదో ఆయన ఒత్తిడి చూపే ముల్లు చూడకుండా పంపు చప్పుడును బట్టి చెప్పేవారు. ఆయన ఊ అనగానే నేను నీళ్ళు వెనక్కి తిప్పి ఇసుక కడిగేదాన్ని. అలా రెండు రోజులు. నాలుగో రోజు సాయంత్రం పటిక కలిపి పోసి, కొలనంతా కలిసేదాకా పంపు తిప్పి ఆపేశాం. నీళ్ళను తెల్లవారేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. తెల్లారేసరికి పై నీళ్ళు తేటపడి, మురికంతా అడుగున బూడిదలా పేరుకుంది. దాన్ని వాక్యూమ్ గొట్టంతో తియ్యడానికి మధ్యాహ్నం దాటిపోయింది. నిద్రపోతున్న పసిబిడ్డ కింద నుంచి దుప్పటి లాగినంత నెమ్మదిగా లాగాలి, లేకపోతే అంతా మళ్ళీ లేస్తుంది. మా ఆయన తొందరపడి ఒక మూల లేపేశారు. "బస్సు కాదురా అది" అన్నారు మామయ్య. పటిక వల్ల పీహెచ్ మళ్ళీ కిందికి జారితే, సోడా వేసి దారికి తెచ్చాం. తగ్గినమేరకు కొత్తనీళ్ళు నింపాం.

ఆరో రోజు కోచ్ మేడం లోతు వైపు గట్టు మీద నిలబడి వంగి చూసింది. మామయ్య ఆవిడ పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. అడుగున నీళ్ళు పోయే జాలీ కనిపిస్తోందా అని అడిగారు.

"కన్నాలు కూడా లెక్కపెట్టొచ్చు మాస్టారూ" అంది మేడం. నిజంగానే లెక్కపెట్టింది.

ఆయన గొంతుక్కూర్చుని దోసెడు నీళ్ళు తీసుకున్నారు. ఆ నీళ్ళతోనే మొహం కడుక్కున్నారు. పోస్టాఫీసు ఆవిడ కొత్త టోపీతో అందరికన్నా ముందు వచ్చింది. మామయ్య ఎదురెళ్ళి ఆవిడకు క్షమాపణ చెప్పారు. కర్ర అందించిన మనిషి క్షమాపణ చెప్పడమేమిటని ఆవిడ వినిపించుకోకుండా మెట్లు దిగింది.

మర్నాడు కంటి డాక్టరు. చీకటి గదిలో మామయ్య గడ్డం ఆనించి కూర్చుంటే, అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళ గుర్తులు సాయంత్రందాకా పోలేదు. డాక్టరమ్మ దీపం వేసి, రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయని, పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతున్నట్టే ఉంటుందని చెప్పింది. ముందు ఒక కన్ను, కొన్ని వారాలాగి రెండోది, ఆపరేషన్ చేస్తే సరిపోతుందంది.

"మా అన్నయ్యకు పోయిందండీ చూపు" అన్నారు మామయ్య.

డాక్టరమ్మ ఆ అన్నయ్య సంగతంతా అడిగి తెలుసుకుంది. ఆయనది వేరే జబ్బని, అందుకే మామయ్యకు అన్ని పరీక్షలూ చేశానని, ఆ జాడ ఎక్కడా లేదని చెప్పింది. మామయ్య ఇంకొక్కసారి చెప్పమన్నారు. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది.

బయటికొచ్చాక ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుండిపోయారు. కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నారు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారని వంగి చూస్తే నవ్వుతున్నారు. రెండూ కలిసే ఉన్నాయేమో. అత్తయ్య పక్కన కూలబడి, "అయితే మూడు నెలలు ఉత్తపుణ్యానికి అన్నం మానేశామా" అంది. ఆ పూట ఇంట్లో మేం తిన్న తిండి చూస్తే ఎవరికైనా దిష్టి తగిలేది.

మొదటి కంటికి కట్టు విప్పాక వారం రోజులు మామయ్య ఇల్లంతా తిరుగుతూ ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి ప్రతిదాన్నీ చూశారు. గోడలు చూశారు, దుప్పట్లు చూశారు. ఈ కంటికి తెలుపు, ఆ కంటికి పసుపు అని పిలిచి మరీ చెప్పేవారు. వంటింటి తలుపు నీలం రంగని ఆయనకు అప్పుడే తెలిసింది. రెండు నెలల కిందట దాన్ని కలిపింది నేనే. బాగుందమ్మా, ఆలస్యంగా చెబుతున్నాను అన్నారు.

రెండో కన్ను కూడా అయ్యాక, వేసవి చివరి వారంలో ఆయన పనిలోకి వచ్చారు. మబ్బులు కమ్ముతున్నాయి కానీ వాన ఇంకా పడలేదు. ఆ ఉదయం నేను దుకాణానికి వెళ్ళేముందు కొలను దగ్గర ఆగాను. పుస్తకంలో రెండు సంతకాలు పడాలి కదా. గొట్టంలో చుక్కలు వేసి, ఆయన వైపు వీపు పెట్టి చూసి, నా అంకె చీటీ మీద రాసుకుని గొట్టం ఆయనకిచ్చాను. ఆయన ఎత్తి పట్టుకుని చూశారు. అటు జరిగి చూశారు, ఇటు జరిగి చూశారు.

"ఏడూ నాలుగు" అన్నారు.

"ఏడూ ఆరు మామయ్యా."

"ఎక్కడ ఆరు? నారింజలో ఆ ఎరుపు నీకెక్కడ కనిపిస్తోంది?"

"అంచున ఉంది చూడండి. మీరు మబ్బుకేసి పెట్టి చూస్తున్నారు. తెల్లగోడ ముందు పెట్టాలి."

"ఇరవై ఆరేళ్ళు ఆకాశానికే పెట్టి చూశాను."

"అందుకే నాలుగంటున్నారు."

గేటు అవతల జనం తువ్వాళ్ళతో నిలబడ్డారు. పోస్టాఫీసు ఆవిడ అప్పుడే టోపీ పెట్టేసుకుంది. లోపలికి పంపమంటారా వద్దా అని కోచ్ మేడం కేకేసింది.

"తియ్యండి మేడం. నాలుగైనా ఆరైనా దిగొచ్చు" అన్నారు మామయ్య, గొట్టం మీద నుంచి చూపు తిప్పకుండానే. "ఇది ఇప్పట్లో తేలేట్టు లేదు."

గేటు కిర్రుమంది. మొదటి మనిషి దూకిన చప్పుడయ్యేసరికి, ఆయన అదే గొట్టాన్ని తెల్లగోడ ముందు పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నారు.